గాలి లెక్క, నేల లెక్క

"ఏటి మాస్టారూ, దీన్లో ట్యూబు లేదేటి? మరి గాలెలాగ ఆగుతాది?"

చోడవరంలో నా సైకిలు చూసిన ప్రతి పంచరు షాపు కుర్రాడూ ఇదే అడుగుతాడు. నేను ఆగి చెబుతాను. టైరు అంచు రిమ్ము లోపలి గట్టుకి బిగుసుకుపోతుంది, లోపల పోసిన పాలలాంటి సీలెంటు చిన్న చిన్న సందుల్ని మూసేస్తుంది, మోటారుసైకిలు ట్యూబ్‌లెస్ టైరుకి ఇది తమ్ముడే అని. రోడ్డు సైకిళ్ళకి ఈ పద్ధతి 2006 ప్రాంతంలో హచిన్సన్, షిమానో కంపెనీలతో మొదలైంది. కుర్రాడికి అంత చాలు. వేలితో టైరు నొక్కి చూసుకుని తృప్తిపడతాడు.

ఆదివారం పొద్దున్నే విశాఖ నుంచి సబ్బవరం మీదుగా సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు అడిగేది వేరు. "సార్, ఏరో టైరంట కదా, ఎన్ని వాట్లు మిగులుతుంది?" ఏరో టైరంటే గాలిని తేలిగ్గా చీల్చుకుపోయేలా మలిచిన టైరు. ఎన్ని వాట్లన్న ప్రశ్నకి జవాబు దాని పెట్టె మీదే అచ్చేసి ఉంటుంది. ఆ జవాబు ఏ వేగంలో, ఏ నేల మీద పుట్టిందో చూసుకోకుండా వేలకు వేలు పెట్టవద్దని చెప్పడానికే ఈ అధ్యాయం రాస్తున్నాను. టైరు కొనే ఉద్దేశం లేనివాళ్ళు కూడా చదవండి. ఇంకొకరు కొలిచిన అంకెను మన బతుక్కి అన్వయించుకునే ముందు ఏం అడగాలో ఈ రబ్బరు చక్రం నాకు నేర్పినంత బాగా మరేదీ నేర్పలేదు.

ముందు కాగితం, పెన్సిలు తీసుకోండి. ఇంటర్ ఫిజిక్సులో దొర్లుడు ఘర్షణ చదివినవాళ్ళకి ఇది కొత్త కాదు. సైకిలు తొక్కేవాడికి చదును రోడ్డు మీద ఇద్దరు ప్రత్యర్థులు. ఒకటి గాలి, రెండోది నేల. టైరు నేలని తాకిన చోట నొక్కుకుపోయి, మళ్ళీ పైకి లేస్తుంది. నొక్కడానికి మనం పెట్టిన శక్తి అంతా తిరిగి రాదు, కొంత రబ్బరులోనే వేడిగా పోతుంది. ఆ నష్టాన్ని గుణకంగా చెబుతారు. మంచి టైరుకి 0.004, మామూలు టైరుకి 0.005, మొరటు టైరుకి ఇంకా ఎక్కువ.

మనిషి, సైకిలు, నీళ్ళసీసా, పనిముట్లు అన్నీ కలిపి 80 కిలోలు అనుకుందాం. గాలికి మన శరీరం అడ్డుపడే లెక్క, ఆకారాన్ని కూడా కలుపుకుని, 0.32 చదరపు మీటర్లు అనుకుందాం. మన వేడి తీరప్రాంతంలో ఘనపు మీటరు గాలి సుమారు 1.15 కిలోలు తూగుతుంది. ఇప్పుడు గంటకు 45 కిలోమీటర్ల వేగంతో, అంటే పోటీల్లో తొక్కేవాళ్ళ వేగంతో లెక్క కడితే గాలికి సుమారు 360 వాట్లు, 0.005 టైరుకి 49 వాట్లు ఖర్చవుతాయి. అక్కడ గాలే రాజు. మనం తొక్కే 25 కిలోమీటర్ల దగ్గర గాలికి 62 వాట్లు, టైరుకి 27. ఇక్కడ కూడా గాలే పెద్దది, కానీ నేల వాటా ఎంత పెరిగిందో చూడండి. ఎనిమిదో వంతు కూడా లేనిది మూడో వంతుకి దగ్గరగా వచ్చింది.

గాలికి అయ్యే ఖర్చు వేగానికి ఘనంగా పెరుగుతుంది, టైరుకి అయ్యేది వేగంతో సమంగా పెరుగుతుంది. అందుకే ఈ తేడా. ఒక ఏరో టైరు 45 దగ్గర 5 వాట్లు మిగులుస్తుందని పెట్టె మీద రాసి ఉంటే, 25 దగ్గర మీకు దక్కేది 0.86 వాటు. ఒక్క వాటు కూడా లేదు. అదే మీరు గుణకం 0.005 ఉన్న టైరు తీసేసి 0.004 ఉన్నది వేస్తే 25 దగ్గరే 5.4 వాట్లు మిగులుతాయి. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో 25తో వెళ్తుంటే చక్రానికి తగిలే గాలి 45 వేగంతోనే తగులుతుంది. అప్పుడా ఏరో టైరు సుమారు 2.8 వాట్లు మిగులుస్తుంది. ఎదురుగాలి రోజుల్లో దానికి ఆ గౌరవం ఇవ్వాలి.

ఏరో టైరు వట్టి మాట అని నేననడం లేదు. 2024లో కాంటినెంటల్ కంపెనీ స్విస్ సైడ్, డీటీ స్విస్‌లతో కలిసి ఏరో 111 అనే టైరు తెచ్చింది. దాని భుజాల మీద 48 చిన్న గుంతలుంటాయి. పక్కగాలి కొట్టినప్పుడు గాలి టైరుని వదిలేసి చెదిరిపోకుండా, రిమ్ము వెంబడే అంటిపెట్టుకుని జారేలా అవి చిన్న చిన్న సుడులు పుట్టిస్తాయి. గోల్ఫ్ బంతి మీద గుంతలు చేసే పనికి దగ్గరి పని. ఆ టైరు ముందు చక్రానికి మాత్రమే. వెనక చక్రానికి చేరే గాలి అప్పటికే కాళ్ళూ గొట్టాలూ చిలికేసిన గాలి కాబట్టి అక్కడ ఈ సూక్ష్మం పనిచేయదు. ఎవరైనా రెండు చక్రాలకీ రెండు ఏరో టైర్లు అంటగడుతుంటే ఈ సంగతి గుర్తుచేసుకోండి.

గాలి విషయంలో గుంతలకన్నా ముందు చూడాల్సింది వెడల్పు. జిప్ కంపెనీలో పనిచేసిన రోజుల్లో జోష్ పోర్ట్నర్ అనే ఇంజనీరు చెప్పిన 105 సూత్రం ఒకటుంది. రిమ్ము బయటి వెడల్పు టైరు అసలు వెడల్పుకన్నా కనీసం 5 శాతం ఎక్కువుండాలి. లేకపోతే టైరు మీంచి వచ్చిన గాలి మళ్ళీ రిమ్ముని పట్టుకోలేదు. ఇందులో "అసలు" అన్న మాటే ప్రాణం. టైరు మీద 28 అని ఉంటుంది. లోపలి వెడల్పు ఎక్కువున్న రిమ్ముకి ఎక్కించి గాలి కొడితే అదే టైరు 29, 30 కూడా అవుతుంది. కాబట్టి గాలి కొట్టి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్న వెర్నియర్ కాలిపర్స్‌తో మూడు చోట్ల కొలవండి. ప్రాక్టికల్స్‌లో మార్కుల కోసం పట్టుకున్న ఆ పరికరానికి ఇంత చక్కటి పని ఇంకెక్కడా దొరకదు. టైరు 30 వస్తే రిమ్ము 31.5 ఉండాలి. లేకపోతే మీరు కొన్నది ఏరో టైరే కానీ మీ చక్రం ఏరో చక్రం కాదు.

ఇక నేల సంగతి. టైర్ల గుణకాలు చాలావరకు డ్రమ్ము మీద తేలినవి. నెదర్లాండ్స్‌లో జరిగే ఒక ప్రసిద్ధ పరీక్షలో 77 సెంటీమీటర్ల వ్యాసమున్న ఇనుప డ్రమ్ము మీద చక్రాన్ని 42.5 కిలోల బరువుతో అదిమి, గంటకు సుమారు 29 కిలోమీటర్ల వేగంతో తిప్పుతారు. నిజాయితీ ఉన్న పరీక్ష అది. ఎప్పుడూ ఒకే బరువు, ఒకే వేగం. ఒక టైరుని ఇంకో టైరుతో పోల్చడానికి నేను కూడా ముందు ఆ తరహా అంకెలే చూస్తాను. కానీ ఆ డ్రమ్ము మీద మనిషి లేడు. అందుకే అక్కడ గాలి ఎంత ఎక్కువ కొడితే నష్టం అంత తగ్గుతున్నట్టు కనిపిస్తుంది.

మా రోడ్ల మీద అలా జరగదు. భీమిలి నుంచి చోడవరం, వడ్డాది, రావికమతం మీదుగా నర్సీపట్నం వెళ్ళే బీఎన్ రోడ్డు మీద ఒకసారి టైరుని రాయిలా బిగించి తొక్కండి. ప్రతి గతుకుకీ సైకిలు ఎగురుతుంది. ఎగిరినప్పుడల్లా మీ భుజాలూ తొడలూ పొట్టా కదులుతాయి. ముందుకు పోవాల్సిన శక్తి కండల్లో కదలికగా, వేడిగా పోతుంది. డ్రమ్ముకి కండల్లేవు కాబట్టి ఈ నష్టం దానికి తెలియదు. అమెరికాలో సైకిల్ పత్రిక నడిపిన యాన్ హైనె రోడ్డు పక్క గరుకు పట్టీల మీద తొక్కి, పోర్ట్నర్ తన తర్వాతి కంపెనీ సిల్కాలో రకరకాల నేలల మీద కొలిచి ఇదే చూపించారు. గాలి పెంచుతూ పోతే కొంతవరకు నష్టం తగ్గుతుంది, ఒక హద్దు దాటగానే నిటారుగా పెరుగుతుంది. ఆ హద్దు నునుపైన రోడ్డుకి ఎక్కడో పైన ఉంటుంది, గతుకుల రోడ్డుకి చాలా కిందే ఉంటుంది.

మా అనకాపల్లి జిల్లాలో అచ్యుతాపురం దగ్గర యోకోహామా వాళ్ళ ఫ్యాక్టరీ 2022లో మొదలైంది. అక్కడ పొలం పనుల యంత్రాలకి, అలాంటి భారీ బండ్లకి వేసే టైర్లు తయారవుతాయి. పొలంలో దిగే ట్రాక్టరు టైరులో గాలి ఎందుకు తక్కువ ఉంచుతారో గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలిన ఏ రైతునడిగినా చెబుతాడు. నేల మెత్తనైతే టైరూ మెత్తగా ఉండాలి. రైతుకి తెలిసిన ఈ సంగతి సైకిలువాళ్ళకి చాలా ఆలస్యంగా ఒంటబట్టింది. నేను కూడా ఏళ్ళ తరబడి "ఎంత గట్టిగా ఉంటే అంత జోరు" అని నమ్మినవాణ్ణే.

ఇప్పుడు మన పరీక్ష. దీనికి తొక్కే వాట్లు కొలిచే పవర్ మీటరు అక్కర్లేదు, లాబొరేటరీ అక్కర్లేదు. సైకిలు టైరుకి గాలి వచ్చిన నాడే ఇది పుట్టింది. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి నింపిన గొట్టాన్ని చెక్క బిళ్ళకి చుట్టాడు. దాన్నీ, పాత గట్టి చక్రాన్నీ పెరట్లో ఒకదాని తర్వాత ఒకటి దొర్లించాడని చెబుతారు. గట్టి చక్రం దారిలోనే పడిపోయింది, గాలి చక్రం పెరడు చివరిదాకా పోయింది. 1888లో పేటెంటు తీసుకున్నాడు, మరుసటి ఏడే ఆ టైర్ల మీద సైకిలు పందేలు గెలిచారు. దొర్లించి, ఎంత దూరం పోయిందో చూడటమే మన పని కూడా.

చెరుకు తోటల మధ్య తిన్నగా పోయే రోడ్డుముక్క ఒకటి చూసుకోండి. మొదట్లో చిన్న కల్వర్టు ఎత్తు ఉంటే మరీ మంచిది. ఎత్తు మీద సుద్దతో గీత గీసి, ముందు చక్రం ఆ గీత మీద పెట్టి, తొక్కకుండా, నెట్టకుండా వదిలేయండి. దొర్లి దొర్లి ఎక్కడ ఆగుతుందో అక్కడ ఇంకో గీత. టేపుతో కొలవండి. ఎత్తు మీంచి వదలడం వల్ల ప్రతిసారీ మొదటి వేగం ఒకేలా ఉంటుంది, స్పీడోమీటరుని నమ్మాల్సిన పని ఉండదు. వేగం తక్కువ కాబట్టి గాలి జోక్యం తక్కువ. గంటకు 10 కిలోమీటర్ల దగ్గర నేల లాగే బలం గాలి బలానికి సుమారు మూడింతలు.

ఎంత తేడా కనిపిస్తుంది? చదును నేల మీద గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కడం ఆపేస్తే, మన పాత అంచనాల ప్రకారం 0.005 టైరు సుమారు 130 మీటర్లు పోయి ఆగుతుంది. 0.004 టైరు 153 మీటర్లు పోతుంది. 23 మీటర్ల తేడా! కంటికి కనిపించేంత, అడుగులతో కొలవగలిగేంత తేడా.

కానీ ఇంత సున్నితమైన పరీక్ష ఇట్టే మోసపోతుంది కూడా. కిలోమీటరుకి ఒక్క మీటరు పల్లం ఉంటే చాలు, అది గుణకంలో 0.001కి సమానం. అంటే మంచి టైరుకీ మామూలు టైరుకీ ఉన్న తేడా అంతా కంటికి కనిపించని ఆ వాలులో కలిసిపోతుంది. కాబట్టి ఒకే ముక్క, ఒకే దిక్కు, ఒకే గీత. ఈ రోజు ఈ రోడ్డు మీద, రేపు ఆ రోడ్డు మీద కొలిచి పోల్చకండి. గాలికి నా కొలమానం చెరుకాకు. తెల్లవారుజామున ఆకు కొస కదలకుండా ఉంటే పరీక్ష ఉంది, కదిలితే ఇంటికి వెళ్ళిపోతాను. నీళ్ళసీసా అదే, అందులో నీళ్ళు అంతే, చొక్కా అదే, ఒళ్ళు వంచిన తీరు అదే.

ఒక్కో టైరుతో కనీసం ఐదుసార్లు దొర్లండి. వచ్చిన ఐదు అంకెలూ రాయండి. నచ్చనిదాన్ని కొట్టేయకండి. ఇక్కడే మనిషి తనని తాను మోసం చేసుకునేది. కొత్త టైరు మీద డబ్బు పెట్టాం కాబట్టి అది బాగా పోవాలని మనసు కోరుకుంటుంది. తక్కువ వచ్చినప్పుడు "ఇందాక హ్యాండిలు కదిలింది" అని కారణం వెతుకుతుంది, ఎక్కువ వచ్చినప్పుడు ఏ కారణమూ వెతకదు. ఒకే టైరుతో ఐదుసార్లకీ మధ్య 8 మీటర్ల ఎగుడుదిగుడు ఉందనుకోండి. అప్పుడు రెండు టైర్ల మధ్య 5 మీటర్ల తేడా కనిపించినా దానికి అర్థం లేదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలా ప్రకటనల నుంచి తప్పించుకుంటారు.

వరస కూడా ముఖ్యమే. పాతది, కొత్తది, కొత్తది, పాతది. పొద్దెక్కే కొద్దీ రబ్బరు వెచ్చబడి నష్టం తగ్గుతుంది. పాతది ముందూ కొత్తది వెనకా పెడితే ఎండ చేసిన మేలు కొత్త టైరు ఖాతాలో పడుతుంది. అయితే సీలెంటు పోసిన టైర్లని రోడ్డు మీద మార్చడం అయ్యే పని కాదు. ఇంకో జత చక్రాలు స్నేహితుల దగ్గర తెచ్చుకోగలిగితే సరే. లేకపోతే ఒకే టైరులో గాలి మార్చి పరీక్షించండి. నా అనుభవంలో కొత్త టైరుకన్నా పాత టైరులో సరైన గాలే ఎక్కువ మేలు చేసింది, అదీ పైసా ఖర్చు లేకుండా.

పవర్ మీటరున్నవాళ్ళు రాబర్ట్ చుంగ్ పద్ధతి నేర్చుకోండి. ఒకే చుట్టుదారిలో పదేపదే తిరిగి, వాట్లనీ వేగాన్నీ బట్టి గాలి నష్టాన్నీ నేల నష్టాన్నీ విడదీస్తుంది. మిగతావాళ్ళకి సుద్దముక్క చాలు.

దూరం కొలిచాక హాయి కొలవాలి. ఇది ఒంటరిగా చేయలేరు. నేను మా అమ్మాయి సాయం తీసుకున్నాను. గాలి 55, 62, 70 పీఎస్‌ఐలలో ఏదో ఒకటి తనే కొట్టి, చీటీ మీద రాసి మడిచి జేబులో పెట్టుకునేది. నేను టైరు ముట్టుకోకూడదు. వడ్డాది వైపు ఒక రెండు కిలోమీటర్లు పోయి వచ్చి, ఇది జోరుగా ఉందో లేదో చెప్పాలి, ఎంత సమయం పట్టిందో గడియారం చెబుతుంది. 70 దగ్గర నేను ప్రతిసారీ "ఇదే జోరు" అన్నాను. చీటీలు విప్పి, పక్కన సమయాలు రాసుకుంటే ఆ 70 మిగతావాటికన్నా ముందున్నది ఏమీ లేదు. ఒళ్ళు అదురుతుంటే వేగంగా పోతున్నామని మెదడు అనుకుంటుంది, అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో 62 పీఎస్‌ఐ ఖాయమైంది, మా అమ్మాయి చేతిరాతలో.

ట్యూబ్‌లెస్‌తో మన ఊళ్ళలో బతకడం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఇందులో కొన్ని ప్రాణానికి సంబంధించినవి. కొన్ని రిమ్ములకి లోపల కొక్కెం గట్టు ఉండదు, హుక్‌లెస్ అంటారు. అలాంటి రిమ్ములో గాలి 5 బార్, అంటే 72.5 పీఎస్‌ఐ దాటకూడదు. అంతర్జాతీయ ప్రమాణమే అంత. ఆ రిమ్ముకి సరిపడుతుందని కంపెనీ చెప్పిన టైరే వేయాలి. పంచరు షాపులో లారీలకి గాలి కొట్టే కంప్రెసరుకి ఈ సంగతి తెలియదు. అందుకని సైకిలు టైరుకి గాలి మీ చేతి పంపుతో, మీటరు చూసుకుంటూ కొట్టుకోండి. పొద్దున్న 25 డిగ్రీల్లో 65 కొట్టిన టైరు మధ్యాహ్నం తారు మీద 45 డిగ్రీలకి వేడెక్కితే 70 దాటుతుంది. హద్దు దగ్గరదాకా కొట్టి ఎండలో పెట్టకండి.

సీలెంటు మన ఎండకి ఎండిపోతుంది. డబ్బా మీద ఎన్ని నెలలు రాసి ఉన్నా, ఎండాకాలంలో రెండు నెలలకోసారి విప్పి చూడండి. నేను నవంబరులో పోసి మార్చిదాకా చూడలేదు. వడ్డాది దాటాక తుమ్మముల్లు దిగితే లోపల పాలు లేవు, ఎండిన పొర ఉంది. పక్కనే పంచరు షాపు ఉంది, అక్కడి మనిషి మంచివాడు, కానీ నా సన్నవాల్వుకి అతని గాలి గొట్టం పట్టలేదు. వేలి కొస అంత ఇత్తడి అడాప్టరు ఇంట్లో డ్రాయరులో ఉండిపోయింది. ఖాళీగా తిరిగి వస్తున్న చెరుకు ట్రాక్టరు అతను చూసి సైకిలుతో సహా ఎక్కించుకున్నాడు. అప్పటి నుంచి ఆ అడాప్టరు వాల్వుకే బిగించి ఉంటుంది. సీటు కింద సంచిలో ఒక ట్యూబు, సైకిలు టైరుకి సరిపోయే సన్నటి ప్లగ్గులు కూడా. మోటారుసైకిలు పంచరుకి వాడే లావు పట్టీ సైకిలు టైరుని ఇంకా చింపుతుంది.

పట్టు గురించి ఏ వాట్ల లెక్కా చెప్పదు. మన రోడ్ల మీద ఉలవకట్టెలు పరుస్తారు, ధాన్యం ఆరబోస్తారు. గానుగ కాలంలో ట్రాక్టర్ల నుంచి రాలిన చెరుకు ముక్కలూ మట్టీ కలిసి, మంచు పడ్డ తెల్లవారుజామున సబ్బులా జారతాయి. తక్కువ గాలి, వెడల్పు టైరు ఇక్కడ మీ మోచేతుల చర్మాన్ని కాపాడతాయి. పల్చటి పందెం టైరు డ్రమ్ము మీద మొదటి స్థానంలో ఉండవచ్చు, పక్కగోడ చీలితే మాత్రం సీలెంటు కాదు కదా ఏదీ ఆపలేదు. కాబట్టి మీరు అంకెలు రాసుకునే పుస్తకంలో దూరం, సమయం అనే గడుల పక్కన ఇంకో రెండు గడులు గీసుకోండి. ఎన్ని కిలోమీటర్లకి ఎన్ని కోతలు పడ్డాయో ఒకదాంట్లో, ఎక్కడ చక్రం జారిందో ఇంకోదాంట్లో.

ఈ లెక్కలన్నీ అయ్యాక నా సైకిలుకి ముందు 28, వెనక 30 మిల్లీమీటర్ల టైర్లున్నాయి. రెండింటికీ గుంతల్లేవు. వెనకది ఇంకా వెడల్పు చేయవచ్చేమోనని నిన్న రాత్రి వెర్నియర్ తీశాను. టైరుకీ ఫ్రేముకీ మధ్య ఇరుపక్కలా కనీసం 4 మిల్లీమీటర్లు ఉంచాలన్నది నా నియమం, ఎందుకంటే బురద అంటుకున్న టైరు ఇంకా లావవుతుంది. కుడివైపు 6 వచ్చింది, ఎడమవైపు 5. 32 వేస్తే ఒక్కో పక్క ఒక్కో మిల్లీమీటరు పోతుంది. పడుతుంది. చెరుకాకు కదలని తెల్లవారుజాము కోసం చూస్తున్నాను.